చింతామణి బస్సులో సద్ది

బాగేపల్లి
ఆగస్టు

చిరంజీవి వీణకు,

పెద్దవాళ్ళు ముందు ఆశీర్వాదం రాయాలంటారు. రాశాననుకో. ఇక అసలు సంగతికి వస్తాను.

క్యారియరు పైగిన్నెలో చెనిక్కాయల ఊరిబిండి, కిందిదాంట్లో సంగటి. సంగటి మధ్యాహ్నానికి గట్టిపడుతుంది, తిట్టుకోకుండా తిను. మీ అమ్మ మంచేనహళ్ళిలో ఎనుముల్ని వదిలి కదలలేదు కాబట్టి హాస్టలు కూడు నుంచి నిన్ను కాపాడే పని నాది. కండక్టరు మునినారాయణకు చెప్పాను. పొద్దున బస్సుకు ఇస్తే చింతామణి బస్టాండులో టీ అంగట్లో పెడతాడు. తిన్నాక కడిగి, సాయంత్రం తిరుగు బస్సుకు ఇచ్చెయ్. ఈ ఉత్తరం సద్దితో వచ్చినట్టే నీ జవాబు ఖాళీ గిన్నెలో రావాలి. మీ హాస్టల్లో ఫోన్లు తీసి పెట్టుకుంటారంటివి, మా ఇంటి ఫోను మీ చిన్నాయన జేబు దాటి రాదు. మాట తెలుగు, చదివింది కన్నడ బడిలో కాబట్టి అక్షరాలు కన్నడ. మనకు వచ్చింది ఇంతే, చదువుకో.

నాకు నీ సాయం కావాలి. అంగనవాడి టీచరమ్మ వచ్చే ఏడాది మార్చి ఆఖరుకు రిటైరవుతుంది. ఆయమ్మగా పదకొండేళ్ళ నుంచి ఉన్నాను కాబట్టి పీయూసీ పాసైతే ఆ కుర్చీ నాకే ఇస్తారట, మార్చిలో పరీక్ష రాస్తే రిజల్టు వచ్చేదాకా ఆపుతారట. నాకు పీయూసీలో ఇంగ్లీషు ఒక్కటే మిగిలిపోయింది. అప్పుడు వదిలేశాను, మళ్ళీ మార్చిలో కడతాను. నీకు పీయూసీ ఇంగ్లీషులో ఎనభై ఎనిమిది వచ్చిందని ఊరంతా చెప్పుకున్నదాన్ని. ఆ మార్కులు చూపించే కదా మీ నాయనతో కొట్లాడి నిన్ను డిగ్రీ కాలేజీలో చేర్పించాను. ఇప్పుడు నాకు పాఠం చెప్పి ఆ రుణం తీర్చుకో.

మీ చిన్నాయన నవ్వుతున్నాడు. "నలభై దగ్గర పడతాండాది, ఇప్పుడు ఏబీసీడీలా? చూసినోళ్ళు నవ్వరా?" అన్నాడు. "నవ్వనీలే, వాళ్ళ పళ్ళన్నా కనపడతాయి" అన్నాను.

నీ చిన్నమ్మ
సుజాత

*

చింతామణి, హాస్టలు
సెప్టెంబరు

చిన్నమ్మా,

ఊరిబిండి మా గదిలో నలుగురం తిన్నాం. నాకు వేలెడు మిగిలింది.

మా ఇంగ్లీషు పుస్తకంలో మొదటి పాఠం జెరాక్సు పెట్టాను. ఈ పుస్తకంలో పాఠాలన్నీ కాలేజీ పిల్లల మీదే. హాస్టలు, లైబ్రరీ, స్నేహితులు, మొదటిసారి ఇల్లు వదిలి రావడం, ఇట్లాంటివి. చిన్న చిన్న వాక్యాలు. ముందు దీన్ని చదువు, పీయూసీ పుస్తకం తరవాత తేలికవుతుంది. కష్టమైన మాటలకు పక్కన కన్నడలో అర్థం రాశాను.

ఇక్కడ అన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు, అకౌంట్సు కూడా. మేడమ్ ఒక్కొక్కరినీ లేపి పాఠం బయటికి చదివిస్తుంది. నా వరస ఇంకా రాలేదు.

నువ్వు పాసవుతావు చిన్నమ్మా. నాకు తెలుసు.

వీణ

*

బాగేపల్లి
అక్టోబరు

వీణమ్మా,

మొదటి పాఠం అయింది. ఎన్ని రోజులు పట్టిందో అడగొద్దు. పిల్లలు నిద్రపోయే వేళలో, ఉప్మా గుండిగ కడిగాక, ఆ గోడకు ఆనుకుని కూర్చుని చదివాను. ఒక్కో వాక్యం బావిలో పడిన చెంబును గాలంతో తీసినట్టు తీశాను. వచ్చినప్పుడు మాత్రం ఎంత సంతోషమో!

అందులో ఆ పిల్ల పొద్దున లేస్తుంది, కిటికీ తెరుస్తుంది, పక్కగది పిల్ల పాట పాడుతుంటుంది, అందరూ కలిసి టిఫినుకు పోతారు, లైబ్రరీలో కూర్చుని వాన చూస్తారు. ఇంత మంచి బతుకు ఉంటుందా? నేను పీయూసీ చదివింది ఆ చింతామణిలోనే. రోజూ ఊరి నుంచి బస్సులో నిలబడి పోయేదాన్ని, సాయంత్రం బస్సు తప్పితే మా నాయన చేత తన్నులు. లైబ్రరీ యాడుందో కూడా చూడలేదు.

నువ్వు చూస్తున్నావు కదా. అది చాలు నాకు. కానీ పుస్తకంలో పిల్ల సంగతి ఎవరికి కావాలి? నీ సంగతి రాయి. మీ గదిలో ఎవరుంటారు? ఏం మాట్లాడుకుంటారు? నీ వరస వచ్చిందా, పాఠం చదివావా? అందరూ నోరు తెరిచి ఉంటారు. నీ ఉత్తరం చదువుతుంటే నేనూ ఆ హాస్టల్లో ఒక మూల కూర్చున్నట్టు ఉండాలి. కంజూసుతనం చెయ్యకుండా రాయి.

చిన్నమ్మ

*

చింతామణి, హాస్టలు
నవంబరు

చిన్నమ్మా,

నువ్వు అడిగావని ఈసారి పెద్దగా రాస్తున్నాను.

మా గదిలో నేత్ర అని ఒక పిల్ల ఉంది. స్నానాల గదిలో పాఠాలు బట్టీ పెడుతుంది, నీళ్ళ చప్పుడుతో కలిపి హాస్టలంతా వినిపిస్తుంది. మా వార్డెన్ ఒక తెల్లపిల్లిని పెంచుతుంది. పోయినవారం అది వంటింట్లో దూరి అందరి పాలూ తాగేసింది. మేము ఊరుకుంటామా? భోజనాల గదిలో కోర్టు పెట్టాం. నేత్ర జడ్జి. నెత్తిన తెల్ల తువ్వాలు కప్పుకుంది. నేను పిల్లి తరఫు లాయరును. "నా కక్షిదారుకు ఆకలేసింది, ఆకలి నేరమైతే ఈ హాస్టల్లో అందరూ నేరస్థులే" అని వాదించాను. అందరూ బల్లలు చరిచారు. పిల్లి మాత్రం బల్ల మీద పడుకుని నిద్రపోయింది. చివరికి వారం రోజులు పాలు లేకుండా శిక్ష వేశారు.

నా వరస వచ్చింది. చదివాను. మేడమ్ ఏమీ తప్పు పట్టలేదు.

క్యారియరు ఇక టీ అంగట్లో పెట్టొద్దని, నా చేతికే ఇమ్మని మునినారాయణన్నకు నేనే చెప్పాను. అక్కడ ఎలుకలు. రెండో పాఠం, మూడో పాఠం పెట్టాను.

వీణ

*

బాగేపల్లి
డిసెంబరు

నా లాయరమ్మా,

నీ పిల్లి కోర్టు బాగేపల్లికి వచ్చేసింది. అంగనవాడి పిల్లలకు చెప్పాను. వాళ్ళు రోజూ ఆడుతున్నారు. ఒకడు పిల్లి, ఒకతి జడ్జి. జడ్జి నెత్తికి నా కొంగే కావాలి. టీచరమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "నీ చేతికి వస్తే ఈ అంగనవాడి బాగుపడతాదిలే సుజాతా" అంది. ఆ మాట ఆమె నోట ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను. ఇంటికి వచ్చి మీ చిన్నాయనకు రెండుసార్లు చెప్పాను. మూడోసారికి లేచి బయటికి పోయాడు.

ఈ రోజు క్యారియరు మూత చూశావా? నీ పేరు, కింద లేడీస్ హాస్టలు, చింతామణి అని ఇంగ్లీషులో రాసి గంజితో అంటించాను. ఎవరినీ అడగలేదు. నా చేత్తో నేనే రాశాను. మునినారాయణ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఏదో అనబోయి, "బాగుండాది లేమ్మా" అని లోపల పెట్టుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదనుకుంటా.

అనపకాయల కాలం వచ్చింది. పితికిపప్పు చారు చేశాను. గింజల పొట్టు పితికి పితికి చేతిగోళ్ళు నల్లగా అయ్యాయి, అవే గోళ్ళతో నాలుగో పాఠం కోసం కాచుకుని ఉన్నాను. పంపు.

చిన్నమ్మ

*

చింతామణి
జనవరి

చిన్నమ్మా,

పుస్తకమే పంపిస్తున్నాను, నీ దగ్గరే పెట్టుకో. మాకు వేరే పుస్తకం ఇచ్చారు. నాలుగో పాఠం వరకు చదివితే నీకు చాలు. ఆ తరవాతవి పెద్దవి, కష్టం. పీయూసీ పుస్తకం మొదలుపెట్టు.

పని ఎక్కువగా ఉంది. చారు బాగుంది.

వీణ

*

బాగేపల్లి
ఫిబ్రవరి

వీణా,

నువ్వు వద్దన్నావు కాబట్టి అయిదో పాఠం చదివాను. నా సంగతి నీకు తెలుసు కదా, మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

పెద్ద పాఠమే. పదిహేను రోజులు పట్టింది. మొదటి పేజీలో ఒక హాస్టలు వచ్చింది. రెండో పేజీలో వార్డెన్ వచ్చింది. ఆమె ఒక తెల్లపిల్లిని పెంచుతుంది. అది పాలు తాగేసింది. నేను డిక్షనరీ మూసేశాను. తరవాతిదానికి డిక్షనరీ అవసరం లేకపోయింది. జడ్జి తువ్వాలు, లాయరు వాదన, నిద్రపోయే పిల్లి, అన్నీ నాకు ముందే కంఠతా వచ్చు. ఒక్కటే తేడా. పుస్తకంలో పిల్లిని క్షమించి వదిలేశారు. నువ్వు శిక్ష వేయించావు.

డిక్షనరీ లేకుండా నేను ఇంగ్లీషు చదివిన మొదటి పేజీ అది. పండగ చేసుకోవాల్సింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను అంతవరకు చదవగలనని నువ్వు అనుకోలేదు కదా వీణా? అది బాధ నాకు. పాసవుతావు, నాకు తెలుసు అని రాసిన చేత్తోనే పుస్తకం మొత్తం పంపేశావు.

ఏదైనా ఉంటే రాయి. నేను మీ నాయనను కాదు. అరవను.

మార్చిలో నా పరీక్ష. చదివిన కాలేజీలోనే కట్టాలి కాబట్టి చింతామణికే వస్తున్నాను. ఆ రోజు సద్ది నేనే తెచ్చి నీ చేతికి ఇస్తాను. నిన్ను చూసి పరీక్షకు పోతే నాకు ధైర్యం.

చిన్నమ్మ

*

చింతామణి, హాస్టలు
మార్చి

చిన్నమ్మా,

ఎంత దూరం ఆలోచించావు! మేడమ్ ఆ పాఠం చెప్పాక మా పిల్లలు దాన్ని హాస్టల్లో ఆడారు. అందుకే రెండూ ఒకటే. అది పాఠంలోది అని నీకు రాయడం మరిచిపోయాను, అంతే.

నువ్వు వచ్చే రోజు మాకూ పరీక్ష ఉంది. పొద్దున్నే లోపలికి పంపేస్తారు, హాస్టలుకు వస్తే నేను ఉండను. సద్ది మునినారాయణన్నకే ఇచ్చి నువ్వు నేరుగా కాలేజీకి పో. ఆలస్యమైతే గేటు వేసేస్తారు. హాల్ టికెట్టు మరవొద్దు. బాగా రాయి. నన్ను చూడ్డానికేముంది, సెలవుల్లో వస్తాను కదా.

వీణ

*

చింతామణి
మార్చి, నీ పరీక్ష రోజు

చిన్నమ్మా,

మధ్యాహ్నం సద్దిసంచి విప్పితే క్యారియరు కింద నీ హాల్ టికెట్టు ఉంది. మడత పడకుండా అట్ట పెట్టి, పసుపు బొట్టు పెట్టి ఉంది.

చెయ్యి కడుక్కోకుండా కాలేజీకి పరుగెత్తాను. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ చెప్పాడు, "ఒకామె పొద్దునే వచ్చినాది. టికెట్ లేదంటే ఎనక్కి పోయినాది. మళ్ళా రాలే." అక్కడి నుంచి బస్టాండుకు వచ్చాను. మునినారాయణన్న సాయంత్రం ట్రిప్పు దాకా లేడు. ఆయన వచ్చి చెప్పిందంతా విన్నాను. బస్సులో నువ్వు హాస్టలు ఏ పక్క అని అడిగావట. ఆయన, "హాస్టలేందమ్మా, మీ పాప దసరా అయినప్పట్నుంచీ బట్టలంగట్లో కదా ఉండాది, నీకు తెలుసని చెప్పినాదే" అన్నాడట. దిగాక, "నువ్వు పరీక్షకు పో అమ్మా, నేను ఇచ్చొస్తా" అని ఆయన అలవాటుగా సంచి తీసుకున్నాడట. నువ్వు ఆయన వెనకాలే దూరంగా వచ్చావట. మూల తిరిగేటప్పుడు చూశాడట.

అయితే టికెట్ కోసం మళ్ళీ వచ్చి నువ్వు రోడ్డుకు అవతలే నిలబడి ఉంటావు. సంచి నా బల్ల కిందే ఉంది చిన్నమ్మా. పది అడుగులు. ఎందుకు దాటలేదు?

ఇక దాచడానికి ఏమీ లేదు. నా వరస వచ్చిన రోజు మొదటి పాఠమే చదవమన్నారు. నీకు పంపిన ఆ పాఠమే. లేచాను. మొదటి వాక్యం చదివాను. రెండోదానికి గొంతు రాలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మేడమ్ "నెక్స్ట్" అని పక్క పిల్లను చూసింది. అంతే జరిగింది. అంతకన్నా ఏమీ జరగలేదు. మరుసటి రోజు నేను పోలేదు, ఆ మరుసటి రోజు పోవడానికి సిగ్గేసింది, దసరా తరవాత హాస్టలు కూడా వదిలేశాను.

ఎనభై ఎనిమిది మార్కులు గైడు బట్టీ పెట్టి తెచ్చుకున్నవి. అందులో ఒక్క వాక్యం కూడా అర్థమై రాసింది కాదు. ఆ మార్కులు చూపించి నువ్వు నాయనతో కొట్లాడావు. ఎట్ల చెప్పేది? మొదటి పాఠం పక్కన అర్థాలు హాస్టలు పిల్లల దగ్గర, తరవాతవి ఇక్కడ నాతో పని చేసే, తన గదిలో నాకు చోటిచ్చిన ప్రతిమ దగ్గర అడిగి రాశాను. హాస్టలు వదిలాక కూడా ఫోను చెయ్యకుండా ఉత్తరాలే రాసింది దాచడానికే. ఫోనులో అయితే అంగడి చప్పుడు వినిపిస్తుంది.

పిల్లి కోర్టు పాఠం క్లాసులో ఎవరూ చెప్పలేదు. ప్రతిమ చదివి చెబితే విన్నాను. నువ్వు నీ సంగతి రాయి అన్నావు. రాయడానికి నా దగ్గర ఏముంది? చీరలు మడత పెట్టడం. అందుకే అది రాశాను. రాస్తుంటే నేను నిజంగానే ఆ భోజనాల గదిలో ఉన్నట్టు ఉండేది.

ఇప్పుడు నీ కుర్చీ కూడా పోగొట్టాను. నన్ను తిట్టు చిన్నమ్మా. ఊరికే మాత్రం ఉండొద్దు.

వీణ

*

బాగేపల్లి
ఏప్రిల్

వీణమ్మా,

నెల రోజులు రాయలేదు. కోపం ఉండింది. ఇప్పుడు లేదా అంటే, ఉంది. కానీ సద్ది ఒక్క రోజు కూడా ఆపలేదు కదా, అది చూసి అర్థం చేసుకుని ఉంటావు.

ఎందుకు దాటలేదని అడిగావు. చెబుతాను.

నేను వచ్చేసరికి నువ్వు అంగడి ముందర బొమ్మకు చీర కడుతున్నావు. నోట్లో పిన్నులు పెట్టుకుని ఉన్నావు. మునినారాయణ సంచి ఇస్తే తీసుకుని, బల్ల కింద పెట్టి మళ్ళీ వచ్చావు. నువ్వు బతికి ఉన్నావు, ఎవరూ నిన్ను కొట్టడం లేదు, ఒళ్ళు కొంచెం తగ్గింది. ముందు అదే చూసుకున్నాను. కాలేజీకి పోయాను. గేటు దగ్గర చూసుకుంటే టికెట్ లేదు. మళ్ళీ నీ అంగడికే పరుగెత్తాను. అప్పటికి మీ యజమాని బయటికి వచ్చి ఉన్నాడు. "కుచ్చిళ్ళు సరిగా రాలే, విప్పి మళ్ళా కట్టు" అని కన్నడలో గసిరాడు. నువ్వు విప్పావు. అందరూ చూస్తున్నారు. నువ్వు తలెత్తలేదు.

రోడ్డు దాటితే టికెట్ నా చేతికి వచ్చేది. కానీ నేను ఎదురుగా వచ్చి నిలబడితే నీ ముఖం ఏమవుతుందో నాకు కనపడింది. ఒక క్లాసులో గొంతు రాలేదని కాలేజీనే వదిలేసిన పిల్లవని అప్పుడు నాకు తెలియదు. అయినా భయమేసింది. నేను చూశానని తెలిస్తే ఈ అంగడి కూడా వదిలి యాడికి పోతావో, ఏం చేసుకుంటావో అని. మన తాలూకాలో ఆడపిల్లల సంగతులు వింటూనే ఉన్నాం కదా. పరీక్ష అయితే మళ్ళీ వస్తుంది అనుకున్నాను. నువ్వు కుచ్చిళ్ళు కట్టడం అయ్యేసరికి కాలేజీ గంట ఆ వీధి దాకా వినిపించింది.

నీ ఉత్తరంలో పిల్లలు ఆడారని రాశావు చూడు, దాన్ని నమ్మాలని ఎంత అనుకున్నానో. బస్సులో కూడా నమ్ముతూనే వచ్చాను.

పరీక్ష మళ్ళీ వస్తుంది. కుర్చీ రాదు. చిక్కబళ్ళాపురం ఆఫీసుకు పోయి అడిగాను. "పరీక్ష రాసుంటే రిజల్టు దాకా ఆపేవాళ్ళం కదమ్మా, రాయకుంటే ఖాళీ పెట్టుకోని కాచుకునేకి కాదు" అన్నారు. మర్యాదగానే చెప్పారు. వాళ్ళ తప్పు లేదు. ఈ నెల మొదట్లో కొత్త టీచరు వచ్చింది. నీకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. మంచి పిల్ల. ఆమెకు ఇంకా ముప్పై ఏళ్ళ పైనే సర్వీసు ఉంది, నాకు అంత లేదు. మొదటి రోజే "ఆయమ్మా, పొయ్యి ముట్టించు" అంది. ముట్టించాను. పిల్లలు పిల్లి కోర్టు ఆడబోతే నేనే ఆపాను.

పుస్తకం సగంలో ఉండగా మూసి అటక మీద పెట్టాను. ఇంక నాకు పాఠాలు వద్దు. మీ చిన్నాయన ఎగతాళి కూడా చెయ్యలేదు. ఎగతాళి చేస్తే బాగుండేది. నవ్వినా బాగుండేదని రాశావు చూడు, ఆ మాట నాకు ఇప్పుడు బాగా అర్థమైంది.

మీ నాయనకు నేను చెప్పను. నిన్ను చెప్పమని కూడా అనను. తెలిసిన రోజు ఆయన ముందు నా ఇంటికే వస్తాడు, "ఏమమ్మా, చదివిచ్చితివా?" అంటాడు. తల వంచుకుంటాను. మళ్ళీ కాలేజీకి పో అని నీకు రాయాలని రెండుసార్లు మొదలుపెట్టాను. పోవని తెలిసి రాయడం ఎందుకని చింపేశాను.

క్యారియరు మూత మీది కాగితం నీళ్ళలో నానబెట్టి పీకేశాను. గంజి గట్టిగా పట్టుకుంది, సగమే వచ్చింది. నీ పేరు మిగిలింది, హాస్టలు పోయింది. మునినారాయణకు జ్వరమట, రేపటి నుంచి వారం రోజులు బస్సుకు వేరే మనిషి వస్తాడు. అతనికి నువ్వు తెలియదు. మీ అంగడి పేరు బోర్డు మీద ఇంగ్లీషులో ఉంది. ఆ రోజు చూశాను కానీ కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి చదవలేకపోయాను. ఒక కాగితం మీద రాసి గిన్నెలో పంపు. చూసి రాసుకుంటాను. ప్రతిమకు కూడా సరిపోయేటట్టు పెడుతున్నాను.

చిన్నమ్మ